టెన్నిస్ కుర్రాడికి ఎదురొచ్చిన వారం

మా ఊరి లైబ్రరీలో తలుపు పక్కన ఒక నోటీసు బోర్డు ఉండేది. తప్పిపోయిన పిల్లి, అమ్మకానికి పియానో, పిల్లల్ని చూసుకునే మనిషి కావాలి, ఇలాంటి కాగితాలన్నీ దాని మీద పిన్నులతో గుచ్చి ఉండేవి. అవన్నీ చదివాకే నేను పుస్తకాల వైపు వెళ్లేదాన్ని. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. న్యూజెర్సీకి వచ్చాక ఆ లైబ్రరీయే నా కాలేజీ. కాలేజీ గోడ మీద ఏం రాశారో చూడకుండా లోపలికి ఎలా వెళ్తాం?

ఎనభైల మొదట్లో ఒక వేసవి రోజున ఆ బోర్డు మీద ఒక ఆకుపచ్చ కాగితం కనిపించింది. ఊరి టెన్నిస్ క్లబ్బు వాళ్లు పోటీలు పెడుతున్నారట. వేరే దేశాల నుంచి ఆటగాళ్లు వస్తారట. వాళ్లలో చాలామంది హోటల్లో దిగగలిగిన వాళ్లు కాదు కాబట్టి, ఒక వారం పాటు ఎవరైనా ఇంట్లో చోటిస్తారా అని అడుగుతున్నారు. నాకు ఆశ్చర్యం వేసింది. టీవీలో కనిపించే టెన్నిస్ వాళ్లను చూసి, ఆ ఆట ఆడే వాళ్లంతా అలాగే ఉంటారనుకున్నాను. ఎవరో ఇచ్చిన గదిలో పడుకుని పొద్దున్నే ఆటకు వెళ్లేవాళ్లు కూడా ఉంటారని అప్పుడే తెలిసింది.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను.

"మనింట్లోనా? వాడు రోజూ స్టేక్ అడిగితే ఏం చేస్తావ్?"

"అడగడు. మాది వెజిటేరియన్ ఇల్లని చెప్పాను. దానికి ఓకే అన్నవాణ్నే పంపమన్నాను."

"అంటే ఆల్రెడీ ఫోన్ చేసేశావన్నమాట."

"చేశాను."

"మరి నన్ను అడగడం దేనికి?"

"అడగట్లేదు. చెప్తున్నాను."

ఆ ఏడు మా అత్తయ్య మా దగ్గరే ఉన్నారు. మామగారు పోయాక కొడుకు పట్టుబట్టి ఆరు నెలలకని తీసుకొచ్చాడు. కృష్ణా కాలవల కింద వ్యవసాయం చేసిన మనిషి. వచ్చిన వారానికే మా పెరట్లో గడ్డి తవ్వించి గోంగూర, దోస, బెండ వేశారు. టెన్నిస్ కుర్రాడు వస్తున్నాడంటే ఆవిడ అడిగినవి రెండే ప్రశ్నలు. పెళ్లయిందా, అన్నం తింటాడా అని.

అతను వచ్చేలోపు నేను లైబ్రరీలో ఏడువందల తొంభై ఆరో నంబరు అలమర ముందు కూర్చున్నాను. ఆటల పుస్తకాలన్నీ ఆ నంబరు కిందే ఉంటాయి. టెన్నిస్ మీద ఉన్నవన్నీ తెచ్చి చదివాను. ఒక్క ఆట కూడా పూర్తిగా చూడకుండానే పదిహేను, ముప్ఫై, నలభై లెక్క, గేముకూ సెట్టుకూ తేడా, అన్నీ నేర్చుకున్నాను. మంచి రాకెట్ల తీగలు ఆవు పేగులతో చేస్తారన్న సంగతి కూడా ఆ పుస్తకాల్లోనే చదివాను. అది మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం సాయంత్రం క్లబ్బు వాళ్ల కారు మా వాకిట్లో ఆగింది. గుమ్మం దాటడానికి తల వంచాల్సినంత పొడుగు మనిషి దిగాడు. ఇరవై అయిదు, ఇరవై ఆరేళ్లుంటాయి. హాలెండ్ నుంచి వచ్చాడు. మా చెప్పులు బయట చూసి, ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పాడు. అత్తయ్యకు అక్కడితో సగం నచ్చేశాడు. అతని రాకెట్ల సంచీ హాల్లో నేల మీద పెట్టబోతే ఆవిడ ఒప్పుకోలేదు.

"అన్నం పెట్టే పనిముట్లు కాళ్ల దగ్గర పెడతారా? దేవుడి దగ్గర పెట్టించు" అన్నారు.

అలా ఆ రాకెట్లు పూజ అలమర పక్కకు చేరాయి. పిడుల మీద కుంకుమ బొట్లు కూడా పడ్డాయి. నాకు ఆ ఆవు పేగుల సంగతి గుర్తొచ్చింది. వీలు చూసుకుని అతన్ని పక్కకు పిలిచి, ఆ తీగలు దేనితో చేసినవని అడిగాను.

"నైలాన్. పేగు తీగలు కొనగలిగితే నేను హోటల్లోనే ఉండేవాణ్ని" అన్నాడు.

అతని పేదరికానికి నేను సంతోషించింది ఆ ఒక్క క్షణమే.

భోజనాల దగ్గర మా అమ్మాయి, అప్పటికి దానికి ఎనిమిదేళ్లు, సూటిగా అడిగింది. "ఆర్ యూ ఫేమస్?"

"మా వీధిలో" అన్నాడు. కొంచెం ఆలోచించి, "మా అమ్మ ఉండే వైపు" అని కలిపాడు.

ప్రపంచంలో అతనిది మూడు వందల చిల్లర స్థానం. ప్రపంచం మొత్తం మీద మూడు వందల మందే నీకంటే బాగా ఆడతారంటే అది గొప్పే కదా అన్నాను. "గొప్పే. కానీ ఆ మూడు వందల మందీ ప్రతి వారం నేనున్న ఊరికే వస్తారు" అన్నాడు నవ్వుతూ. పప్పు, దోసకాయ పచ్చడి కలుపుకుంటూ తన ఆట ఎలా నడుస్తుందో నిదానంగా చెప్పాడు. ర్యాంకు తక్కువ వాళ్లను పోటీలోకి నేరుగా రానివ్వరు. ముందు శని, ఆదివారాల్లో అర్హత ఆటలు గెలవాలి. గెలిస్తే సోమవారం నుంచి అసలు పోటీ. ఓడితే సంచీ సర్దుకుని ఇంకో ఊరు. అయిదేళ్లుగా అదే బతుకు. వాళ్ల నాన్నకు అక్కడ గాజు ఇళ్లలో టమాటా సాగు ఉంది. ఆయన నడుం పాడైంది. ఈ వేసవే ఆఖరని తండ్రికి మాటిచ్చాడు. అయితే దానికి ఒక మినహాయింపు పెట్టుకున్నాడు. మా ఊరి పోటీలో చివరి ఎనిమిది మందిలో నిలిస్తే అతనికి వచ్చే పాయింట్లతో ఆ చలికాలమంతా అర్హత ఆటలు లేకుండా నేరుగా ఆడొచ్చు. అప్పుడు తండ్రి ఇంకో ఏడాది ఆగుతాడు. లేకపోతే టమాటాలే.

ఇదంతా నేను తెలుగులో చెప్తే అత్తయ్య వేరే సంగతి పట్టుకున్నారు.

"రైతుబిడ్డా? మరి చెప్పవేం? ఇంకాస్త నెయ్యి వెయ్యి."

శనివారం పొద్దున అతను బయల్దేరుతుంటే ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచారు. "అమ్మాయ్, కుర్రాడు పెద్ద పని మీద వెళ్తున్నాడు. నువ్వు వెనక గుమ్మం నుంచి వెళ్లి, చెంబుతో నీళ్లు పట్టుకుని వీధి వైపు నుంచి ఎదురు రా."

నేను గ్రహణాల గురించీ గ్రహాల గురించీ పుస్తకాలు చదివినదాన్ని. శకునాల మీద నాకు నమ్మకం పోయి చాలాకాలమైంది. అయినా అత్తగారి మాట కాదనలేక, చెంబు పట్టుకుని ఇంటి చుట్టూ తిరిగి, పోస్టు డబ్బా దగ్గర నుంచి వాకిలి వైపు నడిచాను. ఎదురింటి ముసలాయన గడ్డి కోసే మిషను ఆపి మరీ చూశాడు.

కుర్రాడు మెట్ల మీద ఆగాడు. "ఇదేంటి?"

మంచి పని మీద వెళ్లేవాళ్లకు ముత్తైదువ నీళ్లతో ఎదురొస్తే మంచిదని మా వాళ్ల నమ్మకమని చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. అతను నవ్వలేదు. తను ఎప్పుడూ ఎడమ బూటు తాడే ముందు కడతానన్నాడు. కోర్టులో గీతలు తొక్కి నడవనన్నాడు. ఒక ఊళ్లో గెలిస్తే ఆ వారమంతా అదే తువ్వాలు వాడతానన్నాడు. టెన్నిస్ వాళ్ల పట్టింపుల ముందు మా అత్తయ్య పట్టింపులు చాలా తక్కువని అప్పుడు తెలిసింది.

ఆ రోజు గెలిచాడు. ఇంటికొస్తూనే, "రేపు కూడా అదే చెంబు" అన్నాడు.

ఆదివారం కూడా గెలిచాడు. సోమవారం అసలు పోటీలో మొదటి ఆట కూడా గెలిచాడు. ఇంకొక్కటి గెలిస్తే చివరి ఎనిమిది మందిలో ఉంటాడు. మా ఇంట్లో ఎవరికీ టెన్నిస్ తప్ప వేరే మాట లేదు. మా ఆయన ఆఫీసులో ఎవరినో పట్టుకుని సర్వీసు ఎలా చేయాలో కూడా చెప్పాడట. అత్తయ్యకూ ఆ కుర్రాడికీ మధ్య ఒక్క భాష కూడా లేదు, అయినా సాయంత్రాలు ఇద్దరూ పెరట్లోనే ఉండేవాళ్లు. టమాటా మొక్కకు పక్క పిలకలు ఎలా గిల్లాలో అతను చూపించేవాడు. ఆవిడ దోస పాదుకు మట్టి ఎగదోయడం చూపించేవారు. మా అమ్మాయి పిలిచినట్టే అతనూ ఆవిడను "మామ్మ" అనేవాడు.

ఆ సాయంత్రమే అతను నన్ను అడిగాడు. "నేను వెళ్లేటప్పుడు మామ్మ ఎప్పుడూ కనిపించదు. ఎందుకు?"

ఆవిడ భర్త పోయారు కాబట్టి ఆవిడ ఎదురు రాకూడదంటారని, ఇంట్లో ఎవరు బయల్దేరినా ఆవిడే వెనక గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటారని చెప్పాను. మేమెవరమూ వెళ్లమనలేదు. వద్దన్నా వినలేదు.

అతను "అర్హత ఆటల్లో మాకు అంపైర్లుండరు, తెలుసా?" అన్నాడు.

"తెలుసు. పుస్తకంలో చదివాను. బంతి ఎవరి వైపు పడితే వాళ్లే లోపలో బయటో చెప్పాలి."

"అవును. మోసం చేసేవాళ్లు ఉంటారు. కానీ ఇంకో రకం కూడా ఉంటారు. గీత మీద పడ్డ బంతిని కూడా తమకు నష్టం వచ్చేలాగే చెప్పుకుంటారు, ఎవరూ అడక్కపోయినా. మామ్మ ఆ రకం."

మంగళవారం ఆకాశం మబ్బు పట్టింది. మధ్యాహ్నం వాన వస్తుందని క్లబ్బు వాళ్లు ఆట ముందుకు జరిపారు. ఆ సంగతి చెప్పడానికి ఫోన్ వచ్చే సమయానికి నేను ఇంట్లో లేను, అమ్మాయిని ఈత క్లాసులో దింపి వస్తున్నాను. మా వీధి మలుపు తిరిగేసరికి క్లబ్బు కారు అప్పటికే మా వాకిట్లో ఉంది. తలుపు తీసుకుని సంచీ భుజాన వేసుకుని కుర్రాడు బయటికి వచ్చాడు. అదే సమయానికి ఇంటి పక్క నుంచి, ఒళ్లో గోంగూర కోసుకుని, మా అత్తయ్య వస్తున్నారు. ఇద్దరూ ఎదురెదురుగా ఆగిపోవడం నేను కారు అద్దంలోంచి చూశాను.

గోంగూర నేల మీద పడిపోయింది. ఆవిడ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగారు. నేను కారు దిగి పరిగెత్తేసరికి, "లోపలికెళ్లి కూర్చోమను. కాసిని మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరమను" అంటున్నారు గోడ వైపు చూస్తూనే. నేను చెప్పాను. కానీ డ్రైవరు తొందరపెడుతున్నాడు. సమయానికి కోర్టులో లేకపోతే ఆడకుండానే ఓడిపోయినట్టు. కుర్రాడు వంగి గోంగూర ఏరి, ఆవిడ పక్కన మెట్టు మీద పెట్టి, కారెక్కాడు.

నేను ఈత క్లాసు నుంచి అమ్మాయిని తీసుకుని ఆట చూడ్డానికి వెళ్లాను. అత్తయ్య రానన్నారు. పుస్తకాల్లో చదివిన ఆట కళ్ల ముందు జరుగుతుంటే అందులో సగం కొత్తగానే ఉంది. బంతి అంత చప్పుడు చేస్తుందని ఏ పుస్తకమూ చెప్పలేదు. ఆటగాడు ఊపిరి తీసుకోవడం మెట్ల వరసల దాకా వినిపిస్తుందని కూడా చెప్పలేదు. మొదటి సెట్టు మావాడిది. రెండోది అవతలివాడిది. అతనొక అమెరికన్ కుర్రాడు, కాలేజీ నుంచి అప్పుడే వచ్చినవాడు, చాలా బలంగా కొడుతున్నాడు. మూడో సెట్టులో ఇద్దరూ సమానంగా వచ్చారు. ఒక్క పాయింటు వస్తే ఆ గేము మావాడిది, ఆ తర్వాత ఇంకో గేము గెలిస్తే ఆటే అతనిది.

అమెరికన్ కొట్టిన బంతి మావాడి వైపు మూలలో పడింది. గీత దగ్గర కుర్చీలో కూర్చున్నాయన "అవుట్" అని అరిచాడు. మా అమ్మాయి లేచి చప్పట్లు కొట్టింది. మావాడు మాత్రం కదల్లేదు. ఆ మూలకు నడిచి వెళ్లి చూసి, అంపైరు వైపు తిరిగి, బంతి లోపలే పడిందని చెప్పాడు. పాయింటు అవతలివాడికి వెళ్లింది. ఆ గేము కూడా వెళ్లింది. కాసేపటికి ఆట కూడా వెళ్లిపోయింది. వస్తుందన్న వాన మాత్రం రానే లేదు.

అతను బెంచీ మీద కూర్చుని, నేను తెచ్చిన పులిహోర డబ్బా తెరిచి, నిదానంగా తిన్నాడు. అమ్మాయే అడిగింది, "సో యు ఆర్ గోయింగ్ హోమ్?"

"టమాటాల దగ్గరికి" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి వంటింట్లో పొయ్యి ఆరి ఉంది. అత్తయ్య వెనక గదిలో తలుపేసుకున్నారు. మా మొహాలు చూడకుండానే ఆవిడకు సంగతి తెలిసిపోయింది. అన్నానికి రమ్మంటే, "నాకొద్దు. ఆ పిల్లాడి నోటి దగ్గర కూడు తీసేశాను" అన్నారు లోపల్నుంచి. మా ఆయన బతిమాలాడు, కోప్పడ్డాడు కూడా. ఆవిడ రాలేదు.

కుర్రాడికి విషయం చెప్పాను. అతను వెళ్లి ఆ తలుపు ముందు నేల మీద కూర్చున్నాడు. పొడుగు కాళ్లు నడవా అంతా పరుచుకున్నాయి. "నేను చెప్పేది ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాడు నాతో.

"మామ్మా, ఇక్కడికి ముప్ఫై ఇద్దరం వచ్చాం. ఆదివారానికి ముప్ఫై ఒక్కళ్లం ఓడిపోతాం. అందరికీ నువ్వే ఎదురొచ్చావా?"

నేను అది తెలుగులో చెప్పాను.

"అయిదేళ్లుగా నేను ప్రతి ఊళ్లోనూ ఓడుతున్నాను. ఆ ఊళ్లలో నువ్వు లేవు."

"అక్కడెవరూ సరిగ్గా ఎదురొచ్చి ఉండరు" అన్నది లోపలి గొంతు. నేను అది చెప్తే అతను పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకి తలుపు కొంచెం తెరుచుకుంది.

అప్పుడు అతను ఆ బంతి సంగతి చెప్పాడు. గీత మీద పడింది, నేను చూశాను, లోపలని చెప్పాను, ఆట అక్కడ పోయింది, అంతే అన్నాడు. అత్తయ్య పూర్తిగా బయటికి వచ్చారు.

"బయట పడిందని ఆ కుర్చీ ఆయన చెప్పాడుగా. నీకెందుకు? నోరు మూసుకుని ఉండొచ్చుగా."

"ఆయనకు కనిపించలేదు. నాకు కనిపించింది."

ఆవిడ నా వైపు తిరిగి, "మీ మామగారూ ఇంతే. పక్కవాడు గట్టు మన పొలంలోకి జరిపినా ఊరుకునేవారు గానీ, మన గట్టు ఒక్క బెత్తెడు అవతలికి జరగనిచ్చేవారు కాదు" అన్నారు. మామగారు పోయాక ఆయన మాట ఆవిడ తనంతట తాను ఎత్తడం నేను వినడం అదే మొదటిసారి. ఆ మాట కూడా అతనికి చెప్పాను. గట్టంటే ఏమిటో చెప్పడానికి కాస్త సమయం పట్టింది. రైతు ఇంటివాడు కాబట్టి తొందరగానే అర్థమైంది. ఇద్దరూ కలిసి అన్నం తిన్నారు.

మర్నాడు పొద్దున ప్రయాణం. నేను అలవాటుగా చెంబు నింపాను. కుర్రాడు అది చూసి తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు కాదు. మామ్మ."

అత్తయ్య రెండు అడుగులు వెనక్కి వేశారు. "తప్పు నాయనా. దూర ప్రయాణం. నీకేమన్నా అయితే నేను బతకలేను."

అతను సంచీ కింద పెట్టి, మెట్టు మీద కూర్చున్నాడు. కారు డ్రైవరు హారన్ కొట్టాడు. మా ఆయన గడియారం చూసుకున్నాడు. కుర్రాడు లేవలేదు. "మామ్మకి చెప్పు. నిన్న బంతి నా వైపు పడింది, నేను చూసి చెప్పాను. ఇవాళ ఆవిడ వైపు పడింది. ఆవిడకు కనిపించట్లేదు. నేను చూశాను. లోపలే పడింది."

చెప్పాను. ఆవిడ కొడుకు వైపు చూశారు. మా ఆయన నా చేతిలో చెంబు తీసుకుని తల్లి చేతిలో పెట్టాడు. ఆ ఒక్క పనికి నేను మా ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఆవిడ కొంగు సర్దుకుని వెనక గుమ్మం నుంచి వెళ్లారు. గోంగూర మడి పక్క నుంచి, పోస్టు డబ్బా దాకా వెళ్లి, తిరిగి వాకిలి వైపు నడిచి వచ్చారు. చెంబు రెండు చేతులతో పట్టుకున్నారు. నీళ్లు చీర మీద తొణికాయి. ఎదురింటి ముసలాయన మళ్లీ మిషను ఆపాడు. కుర్రాడు లేచి, ఎడమ బూటు తాడు మొదట, కుడిది తర్వాత కట్టుకుని, ఆవిడకు ఎదురుగా నడిచి వెళ్లాడు.

"నవ్వకు. వెనక్కి చూడకు. సూటిగా వెళ్లు" అన్నారు ఆవిడ.

నేను తర్జుమా చేసేలోపే అతను నవ్వేశాడు. కారు మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాడు.

అతను క్షేమంగా చేరానని ఫోన్ చేసేదాకా అత్తయ్య ఆ ఫోన్ దగ్గర నుంచి కదల్లేదు. తర్వాత అతను ఆడలేదు. గాజు ఇళ్లలో తండ్రి పని చూసుకుంటూ, సాయంత్రాలు పిల్లలకు టెన్నిస్ నేర్పేవాడు. కొన్నేళ్లపాటు కొత్త సంవత్సరానికి ఫోన్ చేసేవాడు. ఆ కాసిని నిమిషాల్లోనే, ఆరు నెలలకని వచ్చి మాతోనే ఉండిపోయిన మా అత్తయ్య టమాటా ధర అడిగించేవారు.

చాలా రోజుల తర్వాత లైబ్రరీలో, ఆ ఏడువందల తొంభై ఆరో నంబరు అలమరలోనే, ఆ ఏడు జరిగిన పోటీలన్నీ అచ్చు వేసిన లావుపాటి పుస్తకం ఒకటి నాకు దొరికింది. మా ఊరి పోటీ చివరి పేజీల్లో, చీమల్లాంటి అక్షరాల్లో ఉంది. అతని పేరు పక్కన ఓటమి అంకెలున్నాయి. ఆ బంతి సంగతి ఎక్కడా లేదు. చదువు అంతా పుస్తకాల్లో ఉందని నమ్మిన మనిషిని నేను. ఆ నమ్మకం పోలేదు. కానీ ఆ పేజీలో రాయని సంగతి నా ఇంట్లో నా కళ్ల ముందు జరిగినందుకు, లైబ్రరీ బోర్డు మీద ఆ ఆకుపచ్చ కాగితం చదివినందుకు, మనసులోనే దండం పెట్టుకున్నాను.

కుర్రాడు వెళ్లిన ఆ ఏడు శరత్కాలంలోనే మా ఆయన కొత్త ఉద్యోగానికి ఇంటర్వ్యూకి బయల్దేరుతున్నాడు. నేను చెంబు కోసం వంటింట్లోకి వెళ్లి చూస్తే అది అక్కడ లేదు. కిటికీలోంచి చూశాను. పోస్టు డబ్బా దగ్గర, స్వెటరు మీద కొంగు బిగించుకుని, మా అత్తయ్య అప్పటికే నిలబడి ఉన్నారు.

"ఏరా, ఇంకా ఎంతసేపు? చలేస్తోంది" అన్నారు.